పోయిన మ్యాచ్‌లో మంచేం వెతుకుతాం అక్కా?

(2024 ఏప్రిల్ 19, శుక్రవారం)

ప్రశ్న:

అక్కా, మాది హన్మకొండ. ఉద్యోగం హైదరాబాద్‌లో. పదేళ్లుగా లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ అభిమానిని. మొన్న ఆదివారం సాయంత్రం ఆరున్నర మ్యాచ్‌లో లివర్‌పూల్ సొంత గ్రౌండ్‌లోనే క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-1తో ఓడింది. మా రూమ్‌లో గంతులేశాం, బిర్యానీ తెప్పించాం. తొమ్మిదింటికి మా మ్యాచ్. ఆస్టన్ విల్లా మీద గెలిస్తే ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో మళ్లీ టాప్ మేమే. 84వ నిమిషం దాకా 0-0. మూడే మూడు నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. 0-2.

మా వాట్సాప్ గ్రూప్‌లో పదకొండు మందిమి. అర్ధరాత్రి కాకముందే నా ఫ్రెండొకడు 'పాజిటివ్స్' అని లిస్ట్ పెట్టాడు. ఫస్ట్ హాఫ్ మనదే, లివర్‌పూల్ కూడా ఓడింది, మాంచెస్టర్ సిటీకీ మనకీ తేడా రెండు పాయింట్లే, పోయినేడాది కంటే టీం గట్టిగా ఉంది, కుర్ర టీం కాబట్టి నేర్చుకుంటారు అని. నాకు ఒళ్లు మండింది. "నీలాంటోళ్ల వల్లే ఇరవయ్యేళ్లుగా కప్పు రావట్లేదు" అని తిట్టి గ్రూప్‌లోంచి వచ్చేశాను. అదే ఊపులో మా ప్లేయర్ ఒకడి ఇన్‌స్టాగ్రామ్ కింద రాయకూడని మాట రాశాను. నాన్నేమో "లండన్‌లో ఎవడో ఓడితే నువ్వు అన్నం మానేయడమేంట్రా" అంటున్నారు.

ఓడిన మ్యాచ్‌లో మంచి వెతుక్కోవడమంటే మనల్ని మనం మోసం చేసుకోవడం కాదా అక్కా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక నిజం చెప్పేస్తాను. నేను లివర్‌పూల్ మనిషిని. మీరు బిర్యానీ తెప్పించుకున్న వేళకి నేను మా ఇంట్లో పప్పు కూడా సహించక కూర్చున్నాను. తొమ్మిదింటికి మీ మ్యాచ్ పెట్టుకుని, ఆ రెండో గోల్ పడ్డప్పుడు చిన్నగా చప్పట్లు కూడా కొట్టాను. నాకొక కన్ను పోయినా పర్లేదు, పక్కోడికి రెండూ పోవాలనే రకం సంతోషం అది. కాబట్టి మనిద్దరం ఒకరికొకరు నీతులు చెప్పుకునే స్థితిలో లేము.

నీ ఉత్తరం వచ్చాక, నేను జవాబు రాసేలోపు, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు బుధవారం మ్యూనిక్‌లో కూడా ఓడిపోయారు. కిమ్మిక్ తలతో కొట్టిన ఒక్క గోల్‌తో ఛాంపియన్స్ లీగ్ అయిపోయింది. నిన్న రాత్రి బెర్గామోలో మేం గెలిచి కూడా (రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క కదా) యూరోపా లీగ్ నుంచి బయటికొచ్చేశాం. ఈ వారం ఇద్దరిదీ ఒకే కథ.

నీ ప్రశ్నకి ఉన్నమాట చెప్తాను. నీ ఫ్రెండ్ లిస్టులో సగం మోసమే. మిగతా సగం కాదు. ఏది ఏ సగమో తేల్చకుండా నువ్వు మొత్తం చింపేశావు, వాడు మొత్తం నెత్తిన పెట్టుకున్నాడు. తేల్చడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. అది నాకు ఊరికే రాలేదు, పదేళ్ల కిందట మొదలైంది.

2014 ఏప్రిల్ 27. మా సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీతో మ్యాచ్. మా కెప్టెన్ జెరార్డ్ కాలు జారింది, డెంబా బా బంతి లాక్కుని గోల్ కొట్టాడు, ఆఖర్లో విలియన్ ఇంకొకటి. అప్పటికి వరసగా పదకొండు మ్యాచ్‌లు గెలిచి ఉన్నాం. 1990 తర్వాత మొదటి టైటిల్ చేతికందేంత దూరంలో ఉంది. ఆ రాత్రి నేనూ నీ ఫ్రెండ్ లాగానే లిస్ట్ రాశాను. స్వారెజ్ ఉన్నాడు, ఇన్ని గోల్స్ కొట్టే టీం ఇంకోటి లేదు, జారడం అనేది దురదృష్టం, ఇలాంటివే. ఎనిమిది రోజులకి క్రిస్టల్ ప్యాలెస్ మీద 3-0తో ముందుండి, ఆఖరి పది పన్నెండు నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చేసి 3-3 చేసుకున్నాం. (మళ్లీ ప్యాలెసే. మాకూ వాళ్లకీ ఏ జన్మ బాకీయో.) సీజన్ అయ్యేసరికి సిటీకి 86 పాయింట్లు, మాకు 84. మేం కొట్టిన గోల్స్ 101, తిన్నవి 50. టైటిల్ కోసం పోరాడే టీం 38 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ తింటుందా? ఆ అంకె నా కళ్ల ముందే ఉంది. నా లిస్టులో మాత్రం లేదు. ఎండాకాలంలో స్వారెజ్ బార్సిలోనా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఆరో స్థానం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఏంటో ఆ ఏడు నాకు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు ఇంకో రాత్రి. 2019 జనవరి 3, మనకి తెల్లవారితే 4. ఒంటిగంటన్నరకి మ్యాచ్, మాంచెస్టర్‌లో సిటీతో. సిటీ కంటే ఏడు పాయింట్లు ముందున్నాం, ఆ సీజన్ లీగ్‌లో అప్పటిదాకా ఓటమే లేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు, టీవీ సౌండ్ తీసేసి చూస్తున్నాను. మొదట్లోనే మా మానే కొట్టిన బంతి పోస్టుకి తగిలింది. తిరిగొచ్చిన దాన్ని సిటీ డిఫెండర్ స్టోన్స్ తన్నబోతే అది వాళ్ల గోల్‌కీపర్‌కే తగిలి గోల్‌లోకి వెళ్లబోయింది. స్టోన్స్ పరిగెత్తుకెళ్లి కాలితో లాగేశాడు. గోల్‌లైన్ టెక్నాలజీ తేల్చిందేంటంటే, బంతి పూర్తిగా గీత దాటడానికి 11.7 మిల్లీమీటర్లు తక్కువైంది. సన్నికల్లు మీద అల్లం ముక్క అంత. అగ్వెరో ఒకటి, సానే ఒకటి, మా ఫిర్మినో ఒకటి. 2-1తో పోయింది. మూడున్నరకి వంటింట్లో చీకట్లో కూర్చుని ఉంటే మా అత్తగారు లేచొచ్చి లైటేసి, నా మొహం చూసి "ఎవరు పోయారే?" అన్నారు. ఫుట్‌బాల్ అని చెప్పాను. ఆవిడ కాసేపు నిలబడి, లైటార్పేసి వెళ్లిపోయారు. మీ నాన్నగారు నయం.

ఆ రాత్రి లిస్ట్ రాయలేదు. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు ఒకే ఒక్క ప్రశ్న వేసుకున్నాను. ఈ మ్యాచ్ గెలిచి ఉంటే కూడా ఇదే మాట అనేదాన్నా? అదే ఆ పరీక్ష.

గెలిచినా అనే మాటైతే అది టీం గురించిన నిజం. ఓడితేనే నోట్లోంచి వచ్చే మాటైతే అది మందు, నొప్పి తగ్గడానికి వేసుకునేది. మందు వేసుకోవడం తప్పని నేననను. కానీ దాన్ని భోజనం అనుకోకూడదు కదా. ఆ జనవరిలో పరీక్షకి నిలబడ్డ మాటలు రెండే. మా డిఫెన్స్ లీగ్‌లో అందరికంటే గట్టిది (ఆ సీజన్ మొత్తానికి తిన్నవి 22). సిటీని వాళ్ల గ్రౌండ్‌లోనే ఆఖరి నిమిషం దాకా భయపెట్టగలిగాం. గెలిచినా ఈ రెండూ అనేదాన్నే.

తర్వాత ఏమైందో నీకు తెలుసు, కానీ వరసగా చెప్పనీ. ఆ ఓటమి తర్వాత లీగ్‌లో మేం మళ్లీ ఒక్కటీ ఓడలేదు. ఆఖరి తొమ్మిదీ గెలిచాం. 97 పాయింట్లు తెచ్చుకున్నాం. సిటీ 98 తెచ్చుకుంది. ఆ రాత్రి మాంచెస్టర్‌లో డ్రా చేసుకున్నా మాకు 98, వాళ్లకి 96 అయ్యేవి. అంటే నేను వెతుక్కున్న మంచి నిజమే, అయినా టైటిల్ రాలేదు. ఇది నీకు ఎవరూ చెప్పరు. "మంచి చూసుకుంటే అంతా మంచే జరుగుతుంది" అనే మాట ఫుట్‌బాల్‌లో చెల్లదు. ఆ మే నెలలో బార్సిలోనా దగ్గర 0-3తో ఓడొచ్చి ఆన్‌ఫీల్డ్‌లో 4-0 కొట్టాం, జూన్ 1న మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తాం. మరుసటి ఏడాది 99 పాయింట్లతో, ముప్పయ్యేళ్ల తర్వాత, లీగ్ కూడా వచ్చింది. వచ్చింది కదా అని ఆ 11.7 మిల్లీమీటర్లు మర్చిపోయానా అంటే, లేదు. ఇప్పటికీ అల్లం తరిగేటప్పుడు గుర్తొస్తుంది.

సరే, నీ ఫ్రెండ్ లిస్టుకి వద్దాం.

"లివర్‌పూల్ కూడా ఓడింది." ఇది పాజిటివ్ కాదు, పాయింట్ల పట్టిక. మీ టీం ఎలా ఆడిందో ఇందులో ఒక్క ముక్క లేదు. కొట్టెయ్. (నాకు కోపం ఉండి అనట్లేదు. కొంచెం ఉంది.)

"కుర్ర టీం." గెలిస్తే "కుర్రాళ్లు దుమ్ము దులిపారు" అంటాం, ఓడితే "కుర్రాళ్లు కదా" అంటాం. ఒకే మాటకి రెండు మొహాలు. ఇదీ కొట్టెయ్.

"తేడా రెండు పాయింట్లే, ఆరు మ్యాచ్‌లున్నాయి." లెక్క ప్రకారం కరెక్టే, 73కీ 71కీ తేడా రెండే. కానీ ముందున్నది సిటీ. పోయినేడాది మిమ్మల్ని దాటేటప్పుడు వాళ్లు లీగ్‌లో వరసగా పన్నెండు గెలిచారు. కాబట్టి ఇది ఆశ. ఆశ పెట్టుకో, తప్పులేదు. టీం బలం ఖాతాలో మాత్రం రాసుకోకు.

"ఫస్ట్ హాఫ్ మనదే." ఇక్కడ నువ్వు కొంచెం కష్టపడాలి. మొత్తం మ్యాచ్ కాకపోయినా, రెండో హాఫ్ మొదలైనప్పటి నుంచి మొదటి గోల్ దాకా ఒకసారి మళ్లీ చూడు, సౌండ్ తీసేసి. కామెంటేటర్ గొంతు లేకపోతే ఆట వేరేగా కనిపిస్తుంది. మొదటి హాఫ్‌లో ట్రోసార్ దగ్గర్నుంచి కొట్టింది ఎమి మార్టినెజ్ ఆపాడు. అది పడుంటే కథ వేరు, ఒప్పుకుంటాను. మీ పాత గోల్‌కీపరే కావడం మీ ఖర్మ. కానీ అదే హాఫ్‌లో వాట్కిన్స్ కొట్టింది పోస్టుకి తగిలింది కదా, దాని సంగతి? ఇక రెండో హాఫ్‌లో మీ కాళ్లలో బంతి నెమ్మదించింది. విల్లా వాళ్లు ఒక్కో అడుగూ ముందుకొచ్చారు. టీలెమన్స్ కొట్టింది కూడా ఫ్రేమ్‌కే తగిలి బయటికొచ్చింది. డీన్యే క్రాస్ అందరినీ దాటుకుని అవతలి పోస్టు దగ్గర బెయిలీకి చేరే సమయానికి, ఆ గోల్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందనే అనిపించింది నాకు. అవతల ఉన్నది ఉనై ఎమ్రీ, మీరు వద్దనుకుని పంపేసిన కోచ్. ఆయన హాఫ్‌టైమ్‌లో సరిచేసుకున్నాడు, మీరు చేసుకోలేదు. కాబట్టి "ఫస్ట్ హాఫ్ మనదే" అన్న నోటితోనే "సెకండ్ హాఫ్ వాళ్లదే" అని కూడా అంటే, అప్పుడది పరీక్ష పాసవుతుంది.

ఇక "పోయినేడాది కంటే టీం గట్టిగా ఉంది." తమ్ముడూ, ఇది బంగారం లాంటి మాట. దీన్ని కూడా చింపేశావు, అదే నాకు బాధ.

జనవరి ఒకటి నుంచి విల్లా మ్యాచ్ ముందు రోజు దాకా లీగ్‌లో మీరు ఆడినవి 11. గెలిచినవి పది, డ్రా ఒకటి. ఆ ఒక్క డ్రా కూడా సిటీ గ్రౌండ్‌లో, 0-0. కొట్టినవి 38, తిన్నవి నాలుగు. వెస్ట్‌హామ్ మీద ఆరు, షెఫీల్డ్ మీద ఆరు. ఫిబ్రవరి 4న మా మీద 3-1, ఆ రోజు మా ఇంట్లోనూ వంట బాగా కుదర్లేదు. పోయిన సీజన్ ఏప్రిల్ గుర్తు తెచ్చుకో. మా దగ్గర 2-0 నుంచి 2-2, వెస్ట్‌హామ్ దగ్గర 2-0 నుంచి 2-2, అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో 3-3, తర్వాత సిటీ దగ్గర 1-4. మీ డిఫెండర్ సాలిబా గాయంతో కూర్చున్నాక మీ డిఫెన్స్ తడిసిన కాగితంలా చిరిగింది. ఈ ఏడాది సాలిబా లీగ్‌లో ఒక్క నిమిషం కూడా బెంచ్ మీద కూర్చోలేదు. విల్లా కొట్టిన రెండూ కలిపినా 32 మ్యాచ్‌ల్లో మీరు తిన్నవి 26. లీగ్‌లో అందరికంటే తక్కువ. పోయినేడాది మీరు కూలిపోయారు. ఈసారి ఒక మ్యాచ్ ఓడిపోయారు. బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, ఏప్రిల్ నెల, చేయి జారిన మొదటి స్థానం. లోపల చూస్తే ఒకటి కాదు. మా 2014కీ 2019కీ ఉన్న తేడా అది.

ఇదే పరీక్ష నీ తిట్లకి కూడా పెట్టు. "బాటిల్ చేశారు" (ఒత్తిడికి చేతులెత్తేశారు) అని నువ్వు రాసే ఉంటావు, అందరూ రాశారు. గెలిచి ఉంటే ఆ మాట అనేవాడివా? మరి అది విమర్శ ఎలా అవుతుంది? రెండో హాఫ్‌లో మిడ్‌ఫీల్డ్ నెమ్మదించింది అన్నది విమర్శ, ఎందుకంటే 1-0తో గెలిచినా అది కనిపించేది. నిరాశ పడేవాళ్లు నిజాయితీపరులు, ఆశ పెట్టుకునేవాళ్లు అమాయకులు అనే లెక్క ఎక్కడినుంచి వచ్చిందో కానీ, మన కుర్రాళ్లలో బాగా పాతుకుపోయింది. నాకు నచ్చదు.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి. ఇది చదువుతూ ఉండగానే ఫోన్ తీసి ఆ కామెంట్ తీసెయ్, తర్వాత మిగతాది చదువు. 2021 జూలై 11న యూరో ఫైనల్లో పెనాల్టీలు పోగొట్టిన రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాల ఖాతాల కింద జాతి దూషణ ఎంత వచ్చిందో ప్రపంచమంతా చూసింది. సాకాకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. మీ సాకా. అప్పుడు నీకు కడుపు రగిలే ఉంటుంది. నువ్వు రాసింది జాతి మాట కాదనే అనుకుంటాను. అయినా ఆ వరసలో నీదీ ఒక ఇటుకే. ఆ ఆటగాడి పేరు ఇక్కడ రాయను, నువ్వు రాసింది కూడా.

మీ నాన్నగారి మాట. ఆయన్ని ఎదిరించకు, కథ చెప్పు. "లండన్ వాడు మనకెందుకు" అనేవాళ్లకి నేనెప్పుడూ చెప్పేది హైదరాబాద్ కథే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీం. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. పోయిన వారం ఆయన మీద సినిమా కూడా వచ్చింది, వీలైతే నాన్నగారిని తీసుకెళ్లు, టికెట్ డబ్బులు నువ్వే పెట్టు. 1962లో రహీం సాబ్ భారత జట్టుని జకార్తా ఏషియన్ గేమ్స్‌కి తీసుకెళ్లారు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో. స్కోరెంతో తెలుసా? 0-2. నీ ఆదివారం స్కోరే.

తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1. అందులో సెంటర్ హాఫ్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీఫైనల్‌కి రహీం సాబ్ ఆ కుట్ల తలతో ఉన్న డిఫెండర్‌ని తీసుకెళ్లి ముందు వరసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో జర్నైల్ గోల్ ఉంది. సెప్టెంబర్ 4న ఫైనల్. అవతల మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరుస్తున్న జనం. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో బంగారు పతకం. ఆ జట్టులో మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పోయినేడాది ఫిబ్రవరిలో కన్నుమూశాడు, మన పేపర్లలో ఎంతమంది చదివారో. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, 1963 జూన్‌లో వెళ్లిపోయారు.

ఆ మొదటి 0-2 తర్వాత ఆయన ఆటగాళ్లతో ఏం మాట్లాడారో నేను కల్పించి చెప్పను. చేసిన పని మాత్రం కళ్ల ముందుంది. ఉన్నవాళ్లతోనే, దెబ్బ తగిలినవాడితోనే, అమరిక మార్చారు. మీ కోచ్ ఆర్టెటా కూడా ఈ వారం ఆ పనిలోనే ఉండుంటాడు. మనకి అమరికలు మార్చే పని లేదు. చూసేవాళ్లం. మన చేతిలో ఉన్నది పక్కన కూర్చుని చూసేవాడితో ఎలా ఉంటామన్నదే. అందుకే నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ గుచ్చింది 0-2 కాదు, పదకొండు మంది గ్రూప్‌లో ఇప్పుడు పది మంది ఉన్నారన్నది.

ఆ కుర్రాడు అర్ధరాత్రి లిస్ట్ పెట్టడం తొందరపాటే. శవం లేవకముందే పిండాకూడు వండినట్టు. ఆ మాట వాడికి చెప్పు, నా పేరు కూడా చెప్పొచ్చు. కానీ వాడు ఏడవలేక అలా రాశాడు, నువ్వు ఏడవలేక తిట్టావు. ఫోన్ చేసి "నీ లిస్టులో నాలుగోది కరెక్టే, మొదటిది సగం కరెక్ట్, మిగతావి చెత్త" అను. క్షమాపణ కంటే అది వాడికి ఎక్కువ నచ్చుతుంది. అరగంట వాదించుకుంటారు, ఆ తర్వాత ఎవరు ఎవరిని తిట్టారో గుర్తుండదు.

రేపు శనివారం అర్ధరాత్రి పన్నెండింటికి వోల్వ్స్‌తో మీ మ్యాచ్. వాడు ఎక్కడుంటాడో కనుక్కుని అక్కడికే వెళ్లి చూడు. ఈసారి బిర్యానీ మాత్రం మ్యాచ్ అయ్యాక తెప్పించుకోండి. ఆదివారం రాత్రి ఫుల్హామ్‌తో మాది. ఆ టైమ్‌లో నాకు మెసేజ్ పెట్టకు.